మందు వాడిన ఆవు పేడ, ఫారం కోళ్ల ఎరువు: కూరగాయల మడికి వేయొచ్చా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది శంకర్‌పల్లి దగ్గర ఊరు. రెండెకరాల్లో టమాట, వంకాయ, కొంచెం ఆకుకూరలు వేస్తాం. రెండు జెర్సీ ఆవులు, మూడు బర్రెలు ఉన్నాయి. పోయిన నెల ఒక ఆవుకు పొదుగువాపు వస్తే డాక్టర్ ఐదు రోజులు ఇంజెక్షన్లు చేసి, చనులోకి ట్యూబులు ఎక్కించాడు. పేడంతా మామూలుగానే కుప్పలో వేశాం. ఇది కాక పక్క ఊరి బ్రాయిలర్ ఫారం నుంచి రెండు ట్రాక్టర్ల కోళ్ల ఎరువు తెచ్చి పెట్టుకున్నాం. మొన్న మా దగ్గర నేరుగా కూరగాయలు కొనే సిటీ ఆవిడ ఒకరు "మీ ఎరువులో యాంటీబయాటిక్స్ ఉండవా" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఆ ఎరువు పారేయాలా? కంపోస్టు చేస్తే మందు పోతుందా? ఎన్ని రోజులు పడుతుంది?

జవాబు:

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ ఎరువు పారేయకు. పారేస్తే ఎక్కడ పారేస్తావు, వాగు పక్కనో చెరువు గట్టు మీదో కదా. నాలుగు వానలు పడితే నువ్వు భయపడుతున్న ఆ మందే నీళ్లలో కలుస్తుంది. నీ దొడ్డిలో కుప్పగా ఉన్నంతసేపు దాని మీద నీకు పట్టు ఉంటుంది, సరిగ్గా వేడెక్కిస్తే చాలా మందుల్ని ఆ కుప్పలోనే విరగ్గొట్టొచ్చు. "చాలా" అన్నాను, "అన్నీ" అనలేదు. కొన్ని మొండివి ఉన్నాయి, వాటి సంగతి కూడా చెప్తాను. ఆవిడ అడిగిందని బాధపడకు, అడగాల్సిన ప్రశ్నే అడిగింది, నిజానికి ఎరువు కొనే ప్రతి రైతూ ఇదే అడగాలి.

పశువుకు వేసిన మందు అంతా ఒంట్లోనే ఖర్చయిపోతుందని మనం అనుకుంటాం. అలా జరగదు. ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటి మందులైతే వేసినదాంట్లో పెద్ద భాగం రూపం మారకుండానే మూత్రంలో, పేడలో బయటికి వచ్చేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ ఇస్తే దాంట్లో కొంత పశువు ఒంట్లోనే సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారి బయటికి వస్తుంది, మన ఇళ్లలో మూత్రంలో మంటకో మరో ఇన్ఫెక్షన్‌కో డాక్టర్లు రాసే సిప్రో మాత్ర అదే. చనులోకి ఎక్కించిన ట్యూబు మందు మాత్రం ఎక్కువగా పాలలోనే దిగుతుంది. అందుకే నిన్ను మొదట అడగాల్సింది పేడ గురించి కూడా కాదు, ఆ ఐదు రోజులూ, ఆ తర్వాత వారం రోజులూ పిండిన పాలు ఏం చేశారు అని. మన దేశంలో 2012 నుంచి పశువుల మందుల లేబుల్ మీద ఆ మందు వేశాక ఎన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం వాడకూడదో రాయాలని నిబంధన ఉంది. ప్రత్యేకంగా రోజులు తేల్చని మందుకైతే పాలకు, గుడ్లకు తక్కువలో తక్కువ 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఆ పాలు డెయిరీకి పోయకూడదని చాలామందికి తెలుసు, కానీ "దూడకే కదా" అని దూడకు తాగిస్తారు. అది కూడా వద్దు. కొంచెం కొంచెం మందు రోజూ దూడ కడుపులోకి పోతే అక్కడి బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడుతుంది, రేపు ఆ దూడ పేడ కూడా నీ కుప్పలోకే వస్తుంది. ఇలాంటి పాలు వేడి మీద ఉన్న కంపోస్టు కుప్ప నడిమధ్యలో గుంట చేసి పోసి, పైన ఎండుగడ్డి కప్పేయడం మేలు.

ఇక అసలు ప్రశ్న, కంపోస్టు చేస్తే మందు పోతుందా. దీని మీద జరిగిన పనిలో నాకు బాగా నచ్చినది అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు బెల్ట్స్‌విల్‌లో చేసింది, 2007లో అచ్చయింది. జబ్బుకు ఇచ్చినట్టే దూడలకు ఆక్సిటెట్రాసైక్లిన్ ఇచ్చి, వాటి పేడను గడ్డితో కలిపి కంపోస్టు పెట్టారు. మొదట్లో కిలో ఎండు పదార్థంలో సుమారు 115 మిల్లీగ్రాముల మందు ఉంది, ఆరు రోజులు తిరిగేసరికి 6 మిల్లీగ్రాముల కంటే తక్కువకు దిగింది, అంటే 95 శాతం పోయింది. అదే మిశ్రమాన్ని వేడెక్కనివ్వకుండా మామూలు గది వేడిలో ఉంచితే 37 రోజులు గడిచినా పావు వంతుకు మించి తగ్గలేదు. ఈ రెండో సంగతి గట్టిగా పట్టుకో. ఎరువు అదే, మందు అదే, పేడ అదే. వేడెక్కిన కుప్పలో వారంలో జరిగిన పని, వేడెక్కని కుప్పలో నెల దాటినా జరగలేదు. "మా ఎరువు ఏడాది మాగింది అక్కా" అని చాలామంది నాతో అంటారు, ఏడాదిలో అది ఎన్ని రోజులు వేడెక్కి ఉందో చెప్పమంటే చెప్పలేరు.

నీ కోళ్ల ఎరువుకు దగ్గరగా ఉండే ప్రయోగం ఇంకొకటి ఉంది, అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రంలో టర్కీ కోళ్ల ఎరువు మీద చేశారు, 2008లో వచ్చింది. నాలుగు మందులు చూశారు. క్లోర్‌టెట్రాసైక్లిన్ పది రోజుల్లోపే 99 శాతం దాకా పోయింది. టైలోసిన్, మోనెన్సిన్ మెల్లగా తగ్గాయి, సగం కావడానికి ఒకదానికి 19 రోజులు, ఇంకోదానికి 17 రోజులు పట్టాయి. నాలుగోది సల్ఫామెథజిన్ అనే సల్ఫా మందు, అది అసలు కదల్లేదు. ఆ ప్రయోగంలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి: వారం వారం తిరగేసిన కుప్పకూ, మొదట్లో తడి సరిచేసి అలా వదిలేసిన కుప్పకూ మందు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే మొదటి రోజు తడి సరిగ్గా పడటమే సగం పని. తిరగేయడం దండగ అని నేననను, అది ఎందుకు కావాలో కింద చెప్తాను.

హాంకాంగ్‌లో పంది ఎరువు మీద చేసి 2012లో అచ్చయిన పనిలో సల్ఫాడయజిన్ మూడు రోజుల్లోనే మాయమైంది, క్లోర్‌టెట్రాసైక్లిన్ మూడు వారాల్లో పోయింది, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రం 56 రోజుల తర్వాత కూడా వేసినదాంట్లో 17 నుంచి 31 శాతం దాకా మిగిలే ఉంది. సల్ఫా మందుల్లో ఒకటి ఒకచోట మూడు రోజుల్లో పోతే, ఇంకొకటి ఇంకోచోట కదలనే లేదు, అందుకే "కంపోస్టు చేస్తే ఇన్ని శాతం పోతుంది" అని ఒకే అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను. ఏ మందు, ఏ ఎరువు, కుప్ప ఎంత వేడెక్కింది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని పార పట్టుకోవడం కాదు, డాక్టర్ రాసిన చీటీ వెతకడం. అది లేకపోతే ఖాళీ సీసా, ఖాళీ ట్యూబు కొట్టంలో ఎక్కడో పడి ఉంటాయి, చూడు. పెన్సిలిన్, యాంపిసిలిన్, సెఫ్టియోఫర్ లాంటి పేరు ఉంటే నువ్వు చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. ఈ జాతి మందులు పని చేసేది వాటి అణువులో ఉండే ఒక చిన్న ఉంగరం వల్ల, అది తడిలో తేలిగ్గా తెగిపోతుంది, పేడలో ఉండే చాలా రకాల బ్యాక్టీరియా దగ్గర దాన్ని తెంచే ఎంజైములు కూడా ఉంటాయి. ఆక్సిటెట్రాసైక్లిన్ అయితే వేడెక్కిన కుప్ప దాన్ని బాగా తగ్గిస్తుంది. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది: ఈ మందుకు కాల్షియం, మెగ్నీషియం కనపడితే వాటిని పట్టుకుని వదలదు, ఆ మాత్ర పాలతో వేసుకోవద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. పేడలో కూడా అలాగే అతుక్కుంటుంది, కాబట్టి "పోయింది" అన్నదాంట్లో కొంత విరిగినది, కొంత ఎరువుకు గట్టిగా అతుక్కుని పరీక్షకు చిక్కనిది. అతుక్కున్నది మొక్కకు కూడా అంత తేలిగ్గా అందదు, కానీ అది లేనట్టు కాదు. సీసా మీద ఎన్రోఫ్లాక్సాసిన్ అని ఉంటే మాత్రం ఆ ఎరువును మొండి ఎరువుగానే చూడు. ఈ జాతి మందు వెలుతురుకు విరుగుతుంది, కానీ పేడలో, మట్టిలో కలిశాక దానికి వెలుతురు ఎక్కడ తగులుతుంది? అక్కడే కూర్చుంటుంది.

మందు ఒక ఎత్తయితే, దాన్ని తట్టుకునే బ్యాక్టీరియా ఇంకో ఎత్తు, నన్నడిగితే ఇదే పెద్దది. మందు వేసిన పశువు పేగుల్లో ఆ మందుకు చావని బ్యాక్టీరియా బతికి బట్టకట్టి పెరుగుతుంది, పేడతో బయటికి వస్తుంది, ఆ తట్టుకునే గుణాన్ని రాసి పెట్టిన జన్యువును పక్క బ్యాక్టీరియాకు కూడా ఇస్తుంది. 2015 చివర్లో చైనా వాళ్లు పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కూడా కొలిస్టిన్ మందుకు లొంగని జన్యువును చూపించారు. కొలిస్టిన్ అంటే ఏ మందూ పని చేయనప్పుడు ఐసీయూలో ఆఖరి దిక్కుగా వాడేది. ఆ తర్వాత 2019 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకు, పశువులకు, చేపలకు, దాణాలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. నీ కుప్పలో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఆ కథలో ఒక చిన్న ముక్కే, అందుకే నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. మంచి వేడి తగిలితే ఇ.కొలై, సాల్మొనెల్లా లాంటివి చస్తాయి, వాటితోపాటు అవి మోసే జన్యువులు కూడా చాలావరకు తగ్గుతాయి. అయితే బ్యాక్టీరియా చచ్చినా కొన్ని జన్యువులు మిగులుతాయి, కుప్ప చల్లారి మాగే రోజుల్లో మళ్లీ పెరిగిన సందర్భాలు కూడా చూశారు. కుప్ప అంచుల్లో వేడి తగలని పేడ ఉండిపోతే అక్కడి నుంచి లోపలికి మళ్లీ విత్తనం పడినట్టే. తిరగేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మందు కోసం తిరగేయకపోయినా పర్వాలేదేమో గానీ, క్రిముల కోసం అంచులోది మధ్యలోకి, మధ్యలోది అంచుకి రావాలి.

ఇప్పుడు కుప్ప సంగతి. మనం కంపోస్టు అని పిలిచేది చాలాచోట్ల ఉట్టి పెంటకుప్పే. రోజూ ఒక గంప పేడ తెచ్చి పైన పడేస్తాం, అది రోజుకు ఇంత అంటూ పెరుగుతుంది, ఏ రోజూ మొత్తం ఒక్కసారి వేడెక్కదు. పైన ఎండిపోతుంది, అడుగున నీళ్లు నిలిచి గాలి ఆడక కుళ్లుతుంది. అలాంటిదాంట్లో కొత్త పేడ, పాత పేడ కలిసే ఉంటాయి, కాబట్టి ఎన్నాళ్లు మాగిందన్న లెక్కే ఉండదు. నువ్వు కుప్పను ఒకే రోజు కట్టాలి. నీ దగ్గరున్న కోళ్ల ఎరువు, పేడ, పొలంలో దొరికే ఎండుసరుకు (వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, ఎండాకులు, ఏదైనా సరే) అన్నీ ముందు ఒకచోటికి చేర్చు. ఒక గంప కోళ్ల ఎరువు, ఒక గంప పేడ, రెండు గంపల తరిగిన చొప్ప, ఈ లెక్కన మొదలుపెట్టు. కోళ్ల ఎరువులో నత్రజని చాలా ఎక్కువ, దానికి తగ్గ కర్బనం లేకపోతే కళ్లు మండే అమ్మోనియా వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే నువ్వు డబ్బు పెట్టి కొన్న నత్రజని గాల్లోకి పోతోందని. అప్పుడు ఇంకొంచెం చొప్ప కలుపు. ఫారం ఎరువులో ఊక ఉంది కదా అనుకోవద్దు, ఊక చాలా మెల్లగా చివుకుతుంది, దాన్ని లెక్కలోకి సగమే తీసుకో.

తడి విషయంలో నేనే ఒకసారి బాగా దెబ్బతిన్నాను. ఫారం నుంచి వచ్చిన ఊక ఎరువు ఒక లోడు కుప్ప పోసి, పైపైన నాలుగు బిందెల నీళ్లు చల్లి, మూడు నెలల తర్వాత తవ్వితే లోపల ఊక తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, పొడిపొడిగా, ముక్కు పట్టుకునే వాసనతో. పైన చల్లిన నీళ్లు ఊక మీద నుంచి జారిపోయాయి తప్ప లోపలికి దిగనే లేదు. అప్పటి నుంచి పొరపొరకూ నీళ్లు కలిపి, పారతో తిప్పి, తర్వాతే పై పొర వేస్తాను. పిడికిలితో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి, ఒకటి రెండు చుక్కలు రావొచ్చు, ధార రాకూడదు. అది 50 నుంచి 60 శాతం తడి. మన ఎండలకు వారంలోనే ఆరిపోతుంది కాబట్టి తిరగేసిన ప్రతిసారీ పిడికిలి పరీక్ష చేసి నీళ్లు కలపాలి.

కుప్ప నాలుగైదు అడుగుల ఎత్తు, అడుగున ఆరేడు అడుగుల వెడల్పు ఉండాలి, పొడవు నీ ఇష్టం. మూడడుగుల కంటే చిన్నదైతే వేడి నిలవదు. మరీ ఎత్తు పెంచినా అడుగున గాలి ఆడదు. రెండు మూడు రోజుల్లో వేడి మొదలవుతుంది. కుప్పలోకి గుచ్చే పొడుగు కాడ థర్మామీటర్ ఒకటి కొనుక్కో, ఇన్ని లోడ్ల ఎరువు వాడేవాడికి ఆ ఖర్చు ఎక్కువేం కాదు. అది వచ్చేదాకా ఒక ఇనుప చువ్వ మధ్యలోకి దించి పది నిమిషాల తర్వాత తీసి పట్టుకుని చూడు, చెయ్యి పెట్టలేనంత కాలిందంటే కుప్ప పని చేస్తున్నట్టు. 55 డిగ్రీలు దాటి కనీసం 15 రోజులు ఉండాలి, ఆ లోపల ఐదుసార్లు తిరగేయాలి. ఇది అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో ఉన్న లెక్క, క్రిముల కోసం పెట్టింది, కానీ మందుల విషయంలో కూడా ఇదే మనకు దారి చూపిస్తుంది. 70 డిగ్రీలు దాటితే మాత్రం పని చేసే సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయి, వెంటనే తిరగేసి నీళ్లు పట్టు. తిరగేసినప్పుడు లోపల తెల్లగా బూడిద పట్టినట్టు కనపడితే అది నిప్పు కాదు, వేడిని ఇష్టపడే ఒక జాతి సూక్ష్మజీవి, పక్కనే ఎండిపోయి ఉంటుంది, అక్కడ నీళ్లు తక్కువయ్యాయని తెలుసుకో.

వేడి తగ్గి, తిరగేసినా మళ్లీ ఎక్కకపోతే అప్పుడు ఆరేడు వారాలు అలా మాగనివ్వు. మొత్తం మూడు నెలలు అనుకో. ఎందుకు మూడు నెలలు అంటే, టైలోసిన్, మోనెన్సిన్ లాంటివి 17, 19 రోజులకు సగం అవుతాయని చెప్పాను కదా, ఆ లెక్కన రెండు నెలలకు పదో వంతు దగ్గరికి వస్తాయి, ఇంకో నెల ఇస్తే ఇంకా తగ్గుతాయి. చల్లారాక ఆ వేగం ఉండదనుకో, అయినా తొందరపడి నెలకే పొలానికి తోలడం కంటే ఇది ఎంతో మేలు. వానాకాలమైతే పైన టార్పాలిన్ కప్పు, చుట్టూ చిన్న కట్ట పోయి. సల్ఫా మందులు నీళ్లతోపాటు తేలిగ్గా కదిలిపోతాయి, కాబట్టి బోరుకూ బావికీ దూరంగా, మెరక మీద కుప్ప కట్టు.

పశువుకు మందు వేస్తున్న రోజుల్లో దాని పేడను, మూత్రంతో తడిసిన గడ్డిని వేరుగా తీసి పెట్టు. మందు మొదలైన రోజు నుంచి, పాలు వాడకూడదన్న రోజులు అయ్యేదాకా, నేనైతే ఇంకో వారం కలుపుకుని వేరుగానే ఉంచుతాను. కొట్టం గోడకు ఒక క్యాలెండర్ తగిలించి ఏ పశువుకు, ఏ రోజు, ఏ మందు అని రాస్తే చాలు. ఎరువును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించాలా అని తర్వాత ఎలాగూ అడుగుతావు. ఆ పరీక్షలకు పెద్ద యంత్రాలు కావాలి, ఏ మందు కోసం వెతకాలో కూడా ముందే చెప్పాలి, రెండు లోడ్ల ఎరువుకు అది అయ్యే పని కాదు. ఆ క్యాలెండరే నీ ల్యాబ్.

జీవామృతం వాడుతుంటే ఇది ఇంకా ముఖ్యం. 10 కిలోల పేడ, అయిదారు లీటర్ల మూత్రం, బెల్లం, పిండి కలిపి 200 లీటర్ల నీళ్లలో రెండు రోజులు ఉంచి పారించేస్తాం, అందులో వేడెక్కడం అనే దశే లేదు. మందు మూత్రంలో బాగా వస్తుందని పైన చెప్పాను. పైగా జీవామృతంలో మనం పెంచాలనుకునేదే సూక్ష్మజీవుల్ని, వాటిలో యాంటీబయాటిక్ పోస్తే ఇక ఆ పని ఎందుకు? మందు వేసిన ఆవు పేడ, మూత్రం జీవామృతానికి పూర్తిగా మానెయ్. వానపాముల ఎరువు కూడా అంతే, వానపాములు వేడికి తట్టుకోవు కాబట్టి ఆ తొట్టిలో వేడెక్కే దశ ఉండదు, ముందు కుప్పలో వేడెక్కించి, చల్లారాక తొట్టిలో వేసుకో. గోబర్ గ్యాస్ స్లర్రీని కూడా మందు పోయిన ఎరువు అనుకోవద్దు, దాన్ని చొప్పకు పట్టించి ఇదే కుప్పలో కలుపు. మాట వచ్చింది కాబట్టి ఇంకోటి, పశువులకు వేసే నట్టల మందుల్లో ఐవర్‌మెక్టిన్ పేడలో దిగి పేడపురుగుల పిల్లల్ని చంపుతుంది. ఆ పురుగులు మన పొలానికి చేసే మేలు ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ మందు వేసిన వారం పది రోజులు కూడా పేడ వేరుగా పెట్టగలిగితే పెట్టు.

ఫారం ఎరువు దగ్గరికి వస్తే, నీకు ఎరువు అమ్మిన ఆయన దగ్గరికి వెళ్లి గొడవకు వచ్చినట్టు కాకుండా మామూలుగా అడుగు: ఈ బ్యాచ్‌లో కోళ్లకు జబ్బు చేసిందా, నీళ్లలో ఏం మందు కలిపారు, దాణాలో కాక్సిడియోసిస్‌కు (కోళ్లకు వచ్చే రక్తపారుడు జబ్బు) ఏం మందు వస్తుంది అని. దాణాలో సాలినోమైసిన్, మోనెన్సిన్ లాంటివి ఉండటం మామూలే, ఇవి మనుషులకు వాడే మందులు కావు, అందుకని నాకు వీటి మీద అంత భయం లేదు. జబ్బు చేసి నీళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ కలిపిన బ్యాచ్ అయితే ఆ లోడు వేరుగా పెట్టు. కంపెనీ దాణా అయితే ఆయనకే తెలియకపోవచ్చు, సంచి మీద లేబుల్ చూపించమను. దాణాలో రాగి, జింకు కూడా కలుపుతారు, అవి లోహాలు, కంపోస్టులో విరిగేవి కావు, పైగా కుప్ప తరిగేకొద్దీ చిక్కబడతాయి, మట్టిలో పేరుకుంటే మందుల్ని తట్టుకునే బ్యాక్టీరియాకు అవి కూడా బలం ఇస్తాయి. మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో కంపోస్టుకు రాగి కిలోకు 300 మిల్లీగ్రాములు, జింకు 1000 మిల్లీగ్రాములు అని హద్దు ఉంది, యాంటీబయాటిక్‌కు హద్దే పెట్టలేదు. పెట్టాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అందుకే ఏటా ఒకే మడికి కోళ్ల ఎరువు తోలకు, మార్చి మార్చి వెయ్.

ఏ పంటకు వేయాలన్నది కూడా చూడు. మిన్నెసోటాలోనే 2005లో మందు ఉన్న ఎరువు వేసి మొక్కజొన్న, ఉల్లికాడలు, క్యాబేజీ పెంచి చూస్తే మూడూ క్లోర్‌టెట్రాసైక్లిన్‌ను కొద్దికొద్దిగా పీల్చుకున్నాయి, టైలోసిన్‌ను పీల్చుకోలేదు. రెండేళ్ల తర్వాత ఇంకో ప్రయోగంలో సల్ఫామెథజిన్ ఆలుగడ్డలోకి, లెట్యూస్‌లోకి కూడా వెళ్లింది. పీల్చుకున్నది చాలా తక్కువ, ఒక పూట కూరతో ఎవరికీ ఏమీ కాదు. అయినా పచ్చిగా తినేవాటికి జాగ్రత్త పడటంలో తప్పు లేదు. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, క్యారెట్ మడులకు మందు ఎరగని మీ బర్రెల పేడ కంపోస్టు వాడు. మూడు నెలలు మాగిన ఫారం ఎరువు వంకాయకు, టమాటకు వెయ్. ఎన్రోఫ్లాక్సాసిన్ పడిందని తేలిన ఎరువైతే, మాగిన తర్వాత కూడా, గట్ల మీద చెట్లకో మామిడికో పత్తికో పోనివ్వు. పచ్చి పేడ, పచ్చి కోళ్ల ఎరువు కూరగాయలకు వేయాల్సి వస్తే కోతకు 120 రోజుల ముందే మట్టిలో కలిపేయాలి, ఆకుకూరలు నెలకే కోస్తాం కాబట్టి వాటికి పచ్చి ఎరువు కుదరనే కుదరదు.

మీ వైపు ఫ్యాక్టరీ బురద ఎరువు అని చవకగా ఎవరైనా ఇస్తామంటే దగ్గరికి రానివ్వకు. పటాన్‌చెరు మీకు ఎంతో దూరం కాదు. అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో రాశారు, శుద్ధి అయిన తర్వాత ఉన్నది అది. పశువు కడుపు నుంచి వచ్చే మందును కుప్ప తట్టుకుంటుంది, అలాంటి సరుకు పడితే కుప్పలో పని చేయాల్సిన సూక్ష్మజీవులే ముందు చస్తాయి. దానికి కంపోస్టు మందు కాదు.

ఆ సిటీ ఆవిడకు ఏం చెప్పాలంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పు. "మా ఆవుకు జబ్బు చేస్తే మందు వేయిస్తామమ్మా, వేయించకపోతే అది చచ్చిపోతుంది. మందు వేసిన రోజుల పేడ వేరుగా పెడతాం, 55 డిగ్రీలు దాటేలా కుప్పలో వేడెక్కిస్తాం, మూడు నెలలు మాగనిస్తాం, మీరు తినే కొత్తిమీర మడికి అది వేయం" అని చెప్పు. ఒక ఆదివారం వచ్చి చూడమను, థర్మామీటర్ ఆవిడ చేతికే ఇవ్వు.

ఇప్పటికే కలిసిపోయిన నీ పాత కుప్ప విషయం మిగిలింది. అందులో మందు వేసిన ఆవు పేడ ఏదో, మిగతాది ఏదో ఇక విడదీయలేవు, ఆ ప్రయత్నం చేయకు. ఈ వారం చొప్ప తరిగించి పెట్టుకుని, ఆ కుప్పనంతా విప్పి, ఒక ట్రాక్టర్ కోళ్ల ఎరువుతో కలిపి, పొరపొరకూ తడిపి, ఒకే రోజు కొత్త కుప్పగా కట్టు. రెండో ట్రాక్టర్ లోడు, ఏ మందు కలిపారో తెలిసేదాకా, పైన టార్పాలిన్ కప్పి పక్కన ఉంచు. ఆవుకు ఎక్కించిన ట్యూబు, ఇంజెక్షన్ సీసా దొరికితే లేబుల్ ఫోటో తీసి పంపు, ఏ మడికి వేయొచ్చో అప్పుడు పేరు పెట్టి చెప్తాను.